పొగత్రాగుడు - వైద్యుని హితవాక్యము



పొగాకు దురభ్యాసమని పూర్వులును ఎఱుంగుదురు. ఇంగ్లండునేలిన మొదటి జేమ్సు 1604లోనే దానిని దూషించుచు ఒక చిన్న పుస్తకము వ్రాసెను. ఊపిరితిత్తుల క్యాన్సరునకు పొగత్రాగుట కారణమని డాల్, హిల్ అను పరిశోధకులు 1950లో బలమైన ఆధారములు చూపిరి.

కీడు తెలిసినంతనే అలవాటు పోవునా? 1979లో రస్సెల్ అను వైద్యుడు తన సహచరులతో లండనులో జరిపిన పరీక్షను ప్రకటించెను. అందు 28 మంది వైద్యులు పాల్గొనిరి. ఏ హితవును వినని రోగులలో, మొదటి నెలలో మాని ఏడాదివరకు నిలిచినవారు వేయింటికి 3 మాత్రమే. వైద్యుడు ఒకటి రెండు నిమిషములు బోధించి, కరపత్రమిచ్చి, మరల విచారింతునని చెప్పినవారిలో వేయింటికి 51.

కాని పని తొందరలో వైద్యుడు ఈ మాట మఱచును. అందుచే నాడివలె, రక్తపుపోటువలె దీనినిగూడ ప్రతి రోగి చీటిలో వ్రాయవలెనని 1991లో అమెరికా వైద్యుడు ఫియోర్ సూచించెను. 2009 నాటి శాసనము అచ్చట కంప్యూటరు రికార్డులకు ప్రోత్సాహమిచ్చెను. తదనుసారము 13 ఏండ్లు, అంతకు మించిన వయసుగల రోగుల పొగత్రాగు అలవాటును నమోదు చేయు నియమము వచ్చెను. ఇక తెరయే వైద్యుని హెచ్చరించును: అడుగుము, చెప్పుము, సహాయము చూపుము.

దీనివలన అడుగుట, వ్రాయుట పెరిగినవి. మానువారి సంఖ్య మాత్రము అంత నిశ్చయముగా పెరుగలేదు. యంత్రము జ్ఞాపకము చేయగలదు. మనసు మార్చునది మనుష్యుని మాటయే. కావున పెద్దలారా, వైద్యుడడుగకున్నను మన చుట్టబీడీల సంగతి మనమే ఆయనకు విన్నవింతముగాక!