పేరులోని రొట్టె, పేరులోని రాయి

నామము వస్తుస్థితిని తెలుపుటయే కాక, ఒక్కొక్కచో దానిని కప్పిపుచ్చుటయు గలదు. సుజాన్ కాలిన్స్ 2008లో ప్రకటించిన 'ది హంగర్ గేమ్స్' నవలలోని కల్పితరాజ్యము పేరు 'పానెం'. లాటినులో రొట్టెకు ప్రథమారూపము 'పానిస్', 'పానెం' ద్వితీయారూపము. అనగా నిది కోరబడు రొట్టెయే కాని చేతనున్న రొట్టె కాదు. రోమను ప్రజ రొట్టెకును క్రీడావినోదమునకును లోబడి తన యధికారమును విడనాడెనని జువెనాల్ పదియవ వ్యంగ్యకావ్యమున నిందించెను. నవలలో రాజధాని విందులలో దేలుచుండ, బొగ్గు త్రవ్వు పన్నెండవ జిల్లా యాకలిచే మాడుచుండును.

గోదావరిఖని బొగ్గుసీమను జేరిన బసంత్‌నగరులోను నిట్టి విచారణకు తావు గలదు. 'బసంత్' సంస్కృత 'వసంత' శబ్దమునకు హిందీ రూపము. అచట 1969లో కేశోరాం సిమెంటు కర్మాగారము వెలసెను. 'సిమెంటు'కు మూలము లాటిను 'కేమెంటుం'. కోయుట యను ధాతువునుండి పుట్టిన యీ పదమునకు చెక్కిన రాతిముక్క యని యర్థము. రాతికి చెల్లిన పేరు క్రమముగా రాతిని కలుపు పొడికి చెల్లెను. రాయి కొట్టిన చేయి మరుగుపడెను. 'ఖని' శబ్దమున మాత్రము త్రవ్వుట యను ధాత్వర్థము నేటికిని నిలిచియున్నది.

కావున వ్యుత్పత్తిని విచారించువారు, ఆ పేరు ఎవరి శ్రమను చూపుచున్నదో, ఎవరి యాకలిని దాచుచున్నదో కూడ విచారింపవలెనని మేము తలంచుచున్నాము.