పులికాట్ పక్షుల ఛాయాచిత్రాలు: తెలుపును నిలుపుకొనే తీరు

ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దున విస్తరించిన పులికాట్, ఒడిశాలోని చిలికా తరువాత దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి కయ్య. రాజహంసలు, కొంగలు, ఉల్లంకి పిట్టలు అక్టోబరు నుండి మార్చి వరకు దాని లోతులేని నీటిలో మేస్తాయి. తెలుగువారు రాజహంస, ఫ్లెమింగో అనే పక్షినే తమిళులు పూనారై అంటారు. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే రహదారి సరస్సు మీదుగా సాగుతుంది గనుక వాహనం నుండే చిత్రాలు తీయవచ్చు. బండిని రోడ్డు పక్కకు ఆపి, అద్దం దించి, తలుపు తెరవకుండా వేచి ఉండడం మేలు. మనిషి దిగి నడిస్తే మంద లేస్తుంది. ఎగిరే దృశ్యం కోసం చప్పుడు చేసి లేపితే పక్షికి మేత వేళ, ఒంట్లో శక్తి రెండూ నష్టమే.

తెల్లని పక్షిని తీయడంలో అసలు చిక్కు వెలుతురుది. చుట్టూ నల్లని నీరు ఉన్నప్పుడు కెమెరా దృశ్యమంతటినీ మసకగా భావించి వెలుగు పెంచుతుంది. కొంగ ఒంటిపై ఈకల గీతలు చెరిగి తెల్లని మచ్చగా మిగులుతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను 2/3 నుండి 1 స్టాపు తగ్గించాలి. హిస్టోగ్రామ్ కుడి అంచును గుద్దుకోకుండా చూసుకోవాలి. నిలిచిన పక్షికి సెకనులో 1/500 వంతు, ఎగిరేదానికి 1/1600 వంతు షట్టర్ వేగం సాధారణంగా సరిపోతుంది. తెల్లవారిన తొలి గంటలో సూర్యుణ్ణి వీపున ఉంచుకొని, వీలైనంత కిందినుండి తీస్తే కన్ను మెరుస్తుంది.

రా ఫైలుగా తీసిన చిత్రాన్ని దిద్దడం తేలిక. డార్క్‌టేబుల్, జింప్ ఉచితంగా దొరుకుతాయి. ముందు నీటి అంచు వంపు సరిచేసి, తరువాత హైలైట్లు తగ్గించి, నీడలు కొద్దిగా ఎత్తాలి. ముక్కు చూసే దిక్కున ఖాళీ వదలి, కాళ్లు తెగకుండా కత్తిరించాలి. పదును పక్షికే ఇవ్వాలి, నీటికి కాదు. అయితే పూర్తిగా కాలిపోయిన తెలుపును ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. లేని ఈకలను అది కల్పించగలదు, అంతే.

రంగుల విషయంలో మరింత నిగ్రహం కావాలి. చిన్న తెల్లకొంగను గుర్తించేది నల్లని ముక్కు, నల్లని కాళ్లు, పసుపు పాదాలు. పెద్ద రాజహంస ముక్కు గులాబి రంగు, కొన మాత్రం నలుపు. చిన్న రాజహంస ముక్కు ముదురు ఎరుపు. పిల్ల రాజహంసలు బూడిదరంగులో ఉండి, తినే మేతను బట్టి ఏండ్లకు గాని గులాబి రంగు పొందవు. చూడముచ్చటగా ఉంటుందని సాచురేషన్ పెంచితే పిల్ల పెద్దదవుతుంది, ఒక జాతి మరో జాతిగా కనిపిస్తుంది. ఈబర్డ్ వంటి చోట నమోదుకు పంపే చిత్రంలో ఇది తప్పుడు లెక్కకు దారి తీస్తుంది. అందుచేత దిద్దినదాన్ని వేరే పేరుతో దాచి, తీసిన తేదీ, స్థలంతో మూల ఫైలును అలాగే ఉంచాలి.