పి.వి. నరసింహారావు: దౌత్యం, పాలనా దృక్పథం

పాములపర్తి వెంకట నరసింహారావు (28 జూన్ 1921 – 23 డిసెంబరు 2004) భారతదేశ తొమ్మిదవ ప్రధానమంత్రి. ఆ పదవి చేపట్టిన తొలి తెలుగువారు, తొలి దక్షిణాది నేత. పాత మిత్రులను దూరం చేసుకోకుండా, పాత సిద్ధాంతాలను దూషించకుండా దేశాన్ని కొత్త దారి పట్టించడం ఆయన ప్రత్యేకత.

నేపథ్యం

వరంగల్ ప్రాంతంలోని లక్నేపల్లిలో పుట్టి, దత్తతతో వంగర గ్రామానికి చేరారు. 1957 నుంచి 1977 వరకు మంథని శాసనసభ్యులు. 1971లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయి భూసంస్కరణలకు పూనుకున్నారు. జై ఆంధ్ర ఉద్యమం ఉద్ధృతమైన వేళ, 1973 జనవరిలో పదవి వీడారు. తర్వాత కేంద్రంలో రెండుసార్లు విదేశాంగ మంత్రిగా పనిచేశారు.

ఆర్థిక నిర్ణయాలు

1991 జూన్ 21న ప్రధాని అయ్యేనాటికి లోక్‌సభలో కాంగ్రెస్‌కు మెజారిటీ లేదు. ఖజానాలో ఉన్న విదేశీ మారకం కొద్ది వారాల దిగుమతులకే సరిపోయేది. ఆర్థికవేత్త మన్మోహన్ సింగ్‌కు ఆర్థిక శాఖ అప్పగించి, పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకున్నారు. జూలై 24న బడ్జెట్‌తో పాటే వచ్చిన కొత్త పారిశ్రామిక విధానం 18 పరిశ్రమలకు తప్ప మిగిలినవాటికి లైసెన్సులు ఎత్తివేసింది. అంత పెద్ద మార్పును కూడా నెహ్రూ బాటకు కొనసాగింపుగానే దేశం ముందు పెట్టారు.

దౌత్యం

సోవియట్ యూనియన్ కూలిన రోజుల్లో భారత్‌కు కొత్త చెలిమి అవసరమైంది. 1992 జనవరిలో పాలస్తీనా నేత యాసర్ అరాఫత్ ఢిల్లీకి వచ్చి వెళ్ళాకే, 29న ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు ప్రకటించారు. ఆగ్నేయాసియాకు దగ్గరయ్యే ‘లుక్ ఈస్ట్’ విధానం ఆయన హయాంలోనే మొదలైంది. 1993 సెప్టెంబరులో బీజింగ్‌లో, వాస్తవాధీన రేఖ వెంబడి శాంతి కోసం చైనాతో ఒప్పందం కుదిరింది. 1994లో జెనీవా మానవ హక్కుల వేదికపై కశ్మీర్ తీర్మానాన్ని ఎదుర్కొనేందుకు ప్రతిపక్ష నేత వాజపేయి నాయకత్వాన బృందాన్ని పంపారు. పాకిస్తాన్ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది.

విమర్శ, వారసత్వం

ఆచితూచి అడుగేసే ఈ తీరుకు పరిమితులూ ఉన్నాయి. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేతను నివారించలేకపోవడం ఆయనపై మాయని విమర్శగా నిలిచింది. అయినా తర్వాత వచ్చిన వేర్వేరు పార్టీల ప్రభుత్వాలన్నీ ఆయన ఆర్థిక సంస్కరణలను, తూర్పు దేశాలతో స్నేహాన్ని కొనసాగించాయి. 2024లో భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం భారతరత్న ప్రకటించింది.