తెలంగాణపు భవంతి - దాని కొయ్యపని

హైదరాబాదునకుఁ దూర్పున, దిలుసుఖునగరమున కవతల నుండిన మీరుపేటవంటి పల్లెలు నేఁడు నగరములోఁ గలసిపోయినవి. చెఱువుగట్ల వఱకును మేడలు లేచినవి. అట్టి పల్లెలలోని వెనుకటి కాపుటిండ్లను "మట్టియిండ్లు" అని తేలికగాఁ జెప్పుట వాడుకయైనది. ఈ మాట సగమే సత్యము. తెలంగాణమున భవంతి యనియు, కోస్తాజిల్లాలలో మండువాలోగిలి యనియుఁ బిలువఁబడు గృహమున మన్ను కంటికిఁ గనఁబడునది. లోపలి భారమును మోయునది కొయ్య.

నడుమ నాకాశమునకుఁ దెఱచిన వాకిలి. దానికి నాలుగువైపులఁ బంచలు. పంచల యంచున వరుసగాఁ గంబములు. కంబమును నేలలోఁ బాఁతక ఱాతిదిమ్మెపై నిలుపుదురు. చెమ్మయుఁ జెదలును గొయ్యకు శత్రువులు గదా! కంబముపై బోదె, బోదెపై దూలము, దూలముపై వాసములు, వానిపైఁ బెంకులు. కప్పు లోనికి వాలియుండుటచే వాననీరు వాకిటఁ బడి తూమునుండి వెలికిఁ బోవును. వడ్రంగి యొక కొయ్య కొనను సన్నముగాఁ జెక్కి, రెండవదాని తొలిలో దింపి, కొయ్యచీలతో బిగించును. చాల యిండ్లలోఁ గంబములు గోడలయందే యిమిడియుండును. గోడ కరఁగినచో మరల మెత్తుకొనవచ్చును. తిన్నయింటి వాసములు లెక్కించుట యను లోకోక్తి, వాసములు కంటికిఁ గనఁబడు నిట్టి యింటఁ బుట్టినదేకాని సిమెంటుకప్పు క్రిందఁ బుట్టినది కాదు.

ఈ పేరులును విచారింపఁదగినవి. కంబము స్కంభశబ్దభవము, వాసము వంశశబ్దభవము. వంశమనఁగా వెదురు, కులమునకును నదియే పేరు. అమరసింహుఁడు నాలుగుశాలల యింటికి సంజవనమని పేరు చెప్పినాఁడు. కప్పునఁ బెట్టు వంకరకొయ్యను గోపానసి యన్నాఁడు. ద్వారబంధపుఁ గ్రిందికొయ్యకు "శిల" యని పేరిచ్చుట విచిత్రము. ఱాతికడపలు చూచినవారు దీనిని ఱాయియని భ్రమింతురు. కోశకారుఁడు దారువనియే స్పష్టముగాఁ జెప్పినాఁడు. 6వ శతాబ్దమువాఁడైన వరాహమిహిరుఁడు బృహత్సంహితలో నలుపలకల కంబమునకు రుచకమనియు, ఎనిమిదిపలకల దానికి వజ్రమనియు, పదునాఱింటికి ద్వివజ్రమనియు, ముప్పదిరెండింటికిఁ బ్రలీనకమనియు, గుండ్రనిదానికి వృత్తమనియుఁ బేరులు పెట్టినాఁడు. శాస్త్రము చూచి వడ్రంగి చెక్కెననుట సాహసము. వడ్రంగి చేతిపనిని శాస్త్రకర్త వ్రాసికొనెననుటయే యుక్తము.

ఇంగ్లండునందును నిట్టి పని కలదు. కెంటుమండలమునందలి బేలీఫ్ అను కాపుటిల్లు 15వ శతాబ్దారంభమునాఁటిది. అచ్చటి వడ్రంగులు ఓకుమ్రాను పచ్చిగా నున్నపుడే తొలులు దీసి, చీలలు బిగించి, కొయ్యపంజరమును నిలిపి, సందులను దడికతోను మట్టితోను బూడ్చెడివారు. నడిమి శాలలో నెగడు; పొగగొట్టము లేదు. వంగిన మ్రానును రెండుగాఁ జీల్చి యెదురెదురుగా నిలిపి కప్పునెత్తుట ఆ దేశమున మఱియొక పద్ధతి. అమరుని వక్రదారువు స్ఫురింపక మానదు. 1960ల చివర బేలీఫ్ ఉన్నచోట జలాశయము వచ్చినపుడు, ఆ యింటిని కొయ్యకుఁ గొయ్య విప్పి ససెక్సులోని సింగిల్టను ప్రదర్శనశాలలో మరల నిలిపిరి. విప్పుటకు వీలగుట చీలల మహిమ.

మన భవంతులును విప్పఁదగినవే. విప్పుచున్నారు గూడ, కాని మరల నిలుపుటకుఁ గాదు. ముదురుటేకునకు వెల యధికము. కంబములు కొయ్యయంగళ్లకుఁ బోయి బల్లలును గుర్చీలును నగుచున్నవి. చెన్నపురి దాపున ముట్టుకాడులో 1996లోఁ దెఱవఁబడిన దక్షిణచిత్రయందు, బెజవాడ బాటలోని కొయ్యలగూడెపు నేఁతగాని యిల్లు చూపఁబడుచున్నది. ఊరిపేరుననే కొయ్య యుండుట కాకతాళీయము. ఇంటింటిని నట్లు తరలింపఁజాలరు. కాని విప్పుటకు ముందు కొలతలు దీసి, ఏ దూల మే కంబముపై నుండెనో సుద్దతో నంకెవేసి, పనిచేయు వడ్రంగి ఏ కొయ్యను ఏ పేరునఁ బిలిచెనో వ్రాసికొనుటకు రెండుదినములు చాలును.