పసుపు రాసిన రాయి

గద్వాల అనగానే మనకు ముందు చీరే గుర్తొస్తుంది. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. వనపర్తి అంటే సంస్థానపు రాజభవనం, అందులో నడిచే పాలిటెక్నిక్. నాగర్‌కర్నూలు అంటే నల్లమలకు వెళ్ళే దారి. మరి ఆ వైపు పల్లెల్లో, ఊరి పొలిమేరలోనో గుడి ముందో నిలబెట్టిన రాయిని ఎప్పుడైనా చూశారా? దానిమీద కత్తి పట్టిన మనిషి బొమ్మ ఉంటుంది. ఒక్కోచోట గుర్రం కూడా ఉంటుంది. ఆడవాళ్ళు దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకుంటారు. “ఏ దేవుడమ్మా?” అని అడిగితే, “ఏమో, మా అత్తమ్మ మొక్కేది, నేనూ మొక్కుతున్న” అంటారు.

దేవుడు కాదండీ, అది వీరగల్లు. ఊరి పశువుల్ని దొంగలు తోలుకుపోతుంటే అడ్డం నిలిచో, యుద్ధంలో పోరాడో ప్రాణం వదిలినవాడి గుర్తు. రాయి మిగిలింది, మొక్కు మిగిలింది. పేరు మాత్రం పోయింది.

పేరు పోవడానికి ఎన్నో వందల ఏళ్ళు పట్టదు. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అని ఒక పేట ఉంది. చల్లని గదులకూ దానికీ సంబంధమేమీ లేదు. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వనపర్తి రాజావారు పోషించిన ఆఫ్రికా జాతి ఆశ్విక దళం పంతొమ్మిదో శతాబ్దంలో నిజాం కొలువుకు చేరింది. ఆ సైనికులు కాపురమున్న చోటుకి ఆ పేరు వచ్చింది. ఇవాళ ఆ పేటలో ఆటో దిగేవాళ్ళలో ఈ సంగతి ఎందరికి తెలుసు?

ఢిల్లీ వెళ్ళినవాళ్ళు తీన్‌మూర్తి భవన్ చూసే ఉంటారు. నెహ్రూగారు ఉన్న ఇల్లు. దానికా పేరు రావడానికి కారణం ఎదురుగా కూడలిలో ఉన్న మూడు సైనిక విగ్రహాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా వైపు పోరాడిన మూడు సంస్థానాల ఆశ్విక దళాలకు గుర్తుగా 1922లో వాటిని నిలబెట్టారు. ఒకటి జోధ్‌పూరుది, ఒకటి మైసూరుది, మూడోది మన హైదరాబాదుది! అంత దూరాన మనవాడొకడు నిలబడి ఉన్నాడు. కానీ చూసేవాళ్ళకు ఆయన ‘మూడింట్లో ఒకడు’, అంతే. ఏ ఊరివాడో, ఏ తల్లి బిడ్డో ఆ బొమ్మ చెప్పదు.

పేరు నిలవాలంటే ఎవరో ఒకరు అడగాలి. అదే యుద్ధంలో ముగ్గురు కొడుకుల్ని పోగొట్టుకున్న లేడీ ఫ్లోరెన్స్ సెసిల్ అనే ఆవిడ 1919లో ఇంగ్లండులో అలాగే అడిగింది. సైనికుల సమాధులన్నిటికీ ఒకేరకం పలక రాళ్ళు పెడతామని ప్రభుత్వం అంటే, మా బిడ్డలకు శిలువలు పెట్టనివ్వండని ఎనిమిది వేలకు పైగా సంతకాలు పోగుచేసి అర్జీ పెట్టింది. చివరికి విషయం పార్లమెంటుకెక్కింది. 1920 మే 4న సభలో గట్టి చర్చ జరిగింది. ఆవిడ కోరిక నెరవేరలేదు. జనరల్‌కైనా జవానుకైనా ఒకే రాయి ఉండాలన్న మాటే నెగ్గింది. అయితే ఎవరిదో తెలిసిన ప్రతి రాయి మీదా పేరు ఉంటుంది. అడుగున ఇంటివాళ్ళు తమ మాటగా 66 అక్షరాల దాకా రాయించుకోవచ్చు. ఆ తల్లి ఓడిపోయిందనాలో గెలిచిందనాలో మీరే చెప్పండి. తల్లుల దుఃఖం చట్టసభలో కూర్చున్నవాళ్ళ చెవిన పడిందన్నది మాత్రం నిజం.

అదే ఇంగ్లండులో బ్రైటన్ దగ్గర మన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని దహనం చేసిన చోట 1921లో పాలరాతి ఛత్రి కట్టారు. మరి వాళ్ళ పేర్లు? 2010లో గానీ అక్కడ చెక్కలేదు. దాదాపు తొంభై ఏళ్ళు! మన దేశం మాత్రం తక్కువ తిందా? స్వాతంత్ర్యం తరవాత పోయిన జవాన్లకు జాతీయ స్మారకం కావాలన్న మాట 1960ల నుంచీ ఉంది. ఎందరు ఎన్నిసార్లు అడిగారో! 2015లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది, 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో స్మారకం తెరుచుకుంది. అప్పటికి రాతిమీద చెక్కిన పేర్లు 25,942. ప్రతి పేరు వెనకా ఒక వంటిల్లు, అందులో ఒక ఖాళీ పీట.

మన తెలంగాణలోనే చూడండి. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అమరుడైన కర్నల్ సంతోష్‌బాబుగారికి సరిగ్గా ఏడాది తిరిగేసరికి సూర్యాపేటలో విగ్రహం వెలిసింది. సంతోషమే. దేశమంతా చూసింది కనక త్వరగా వచ్చింది. ఎవరూ చూడని కొండల్లో, మంచులో పోయిన మామూలు సిపాయి మాటేమిటి?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోవి. 2016లో మూడూ వేరు జిల్లా కేంద్రాలయ్యాయి. అయినా పార్లమెంటుకు మాత్రం మూడూ ఒకే నాగర్‌కర్నూలు నియోజకవర్గం. అంటే అడగడానికి ముగ్గురు ఎమ్మెల్యేలు, ఒకే ఎంపీ. పెద్ద విగ్రహమే అడగక్కర్లేదు. ప్రతి జిల్లా కేంద్రంలో ఒక నల్లరాతి పలక, దానిమీద హోదా తేడా లేకుండా ఆ జిల్లా అమరుల పేర్లు, ఊరి పేరుతో సహా. సైనిక సంక్షేమ శాఖ దగ్గర వీరనారుల వివరాలుంటాయి. మిగిలినవి ఊళ్ళో పెద్దవాళ్ళ నోట ఉంటాయి, వాళ్ళుండగానే రాసుకోవాలి.

ఓటు కోసం మన గుమ్మంలోకొచ్చి “అమ్మా, అక్కా” అని పిలిచేవాళ్ళే కదా! ఈసారి వచ్చినప్పుడు మంచినీళ్ళిచ్చి, ఆ పేర్ల కాగితం కూడా చేతిలో పెడదాం. ముందు ముందు మన కోడళ్ళు ఆ రాయికి పసుపు రాస్తుంటే, ఎవరమ్మా అని అడిగినవాళ్ళకు పేరు చదివి చెప్పగలగాలి.