కదిలే వస్తువును కంప్యూటర్ వెంబడించే విధానం

వీడియో అంటే వెంటవెంటనే చూపబడే నిశ్చల చిత్రాల వరుస. సాధారణంగా సెకనుకు 25 లేదా 30 చిత్రాలు ఉంటాయి. ఒక చిత్రంలో కనిపించిన వస్తువు తరువాతి చిత్రంలో ఎక్కడ ఉన్నదో కనుగొంటూ, దాని మార్గాన్ని నమోదు చేయడాన్ని ‘ట్రాకింగ్’ అంటారు.

పనిచేసే తీరు

యానాం పరిధిలోని అడవిపొలంలో రోడ్డు వైపు ఒక కెమెరా బిగించారనుకుందాం. ఖాళీ రోడ్డు దృశ్యాన్ని గుర్తుంచుకొని, కొత్త చిత్రాన్ని దానితో పోల్చితే మారిన భాగం తెలుస్తుంది. అయితే గాలికి ఊగే కొబ్బరి మట్టలు, మబ్బు నీడలు కూడా మార్పుగానే కనిపిస్తాయి. అందువల్ల నేడు అనేక ఉదాహరణలతో శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్కులు మనిషిని, మోటారు సైకిలును, బస్సును వేరుగా గుర్తిస్తాయి.

గుర్తించిన ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య ఇస్తారు. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే మోటారు సైకిలు సెకనుకు 10 మీటర్లు, అనగా 25 చిత్రాల వీడియోలో చిత్రానికి 40 సెంటీమీటర్లు జరుగుతుంది. ఈ లెక్కతో తరువాతి స్థానాన్ని ముందే ఊహించి, కనిపించిన స్థానంతో సరిచూసి, ఊహను దిద్దుకుంటారు. ఇందుకు విరివిగా వాడే గణిత పద్ధతిని కాల్మన్ 1960లో ప్రకటించారు.

తెలుగువారి సంబంధం

నాటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో ఏర్పడిన రోబోటిక్స్ సంస్థకు తొలి సంచాలకులు. ఆ విశ్వవిద్యాలయంలోనే లూకాస్, కనాడే 1981లో రూపొందించిన పద్ధతి, చిత్రంలోని చిన్న భాగం ఎటు ఎంత జరిగిందో లెక్కిస్తుంది. అది నేటికీ వాడుకలో ఉంది.

పరిమితులు

రెండు మోటారు సైకిళ్లు ఒకే బస్సు చాటుకు వెళ్లి బయటికి వస్తే, ఒకదాని సంఖ్య మరొకదానికి అంటుకోవచ్చు. రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో, జోరువానలో ఇటువంటి పొరపాట్లు పెరుగుతాయి. ఆపై గీసిన మార్గమంతా వేరొకరిదే అవుతుంది. సరిహద్దు దాటి రోజూ పనికి, బడికి, ఆసుపత్రికి పోయే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. కంప్యూటర్ ఇచ్చిన సంఖ్య మనిషి పేరు కాదు. అది గీసిన గీత సాక్ష్యమూ కాదు. ఎవరినైనా అనుమానించే ముందు అసలు వీడియోను, ముఖ్యంగా వస్తువు కనుమరుగైన క్షణాలను, మనిషి స్వయంగా చూసి నిర్ధారించుకోవాలి.