రాతి దెబ్బకు మెత్తని కవచం: పీపీఎఫ్ పుట్టుపూర్వోత్తరాలు

రేస్ ట్రాక్ ఎక్కే స్పోర్ట్స్ కార్ల పెయింటు మీద అంటించే పారదర్శకమైన పొర పేరు పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్. హైదరాబాద్‌లోనైనా బెంగళూరులోనైనా కార్ల దుకాణాల్లో పీపీఎఫ్ అంటే చాలు. థర్మోప్లాస్టిక్ పాలియురెథేన్‌తో చేసే ఈ పొర మందం సుమారు 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు. అయితే ఇది కారు కోసం పుట్టినది కాదు, యుద్ధరంగంలో హెలికాప్టర్ రెక్కల కోసం పుట్టింది.

కారు పెయింటుకు కాపలా అవసరం కావడానికి కారణం దాని పలచదనంలోనే ఉంది. తొలినాటి కార్లకు బగ్గీలకు పూసినట్టే వార్నిష్ పూతలు వేసేవారు. అవి ఆరడానికే వారాలు పట్టేది. 1923లో డ్యూపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజ్ లాకర్ డ్యూకో, జనరల్ మోటార్స్ వారి ఓక్లండ్ కార్ల మీదకు వచ్చాక ఆ పని గంటల్లోకి దిగింది. రంగుల వైవిధ్యం పెరిగింది, ఒకే కారుకు రెండు రంగులు వేయడం మోజయింది. రెండు రంగుల మధ్య సరిహద్దు చెదరకుండా అంటించడానికే త్రీఎం ఉద్యోగి రిచర్డ్ డ్రూ 1925లో మాస్కింగ్ టేప్ తయారుచేశాడు. టేపుకూ కారు పెయింటుకూ చుట్టరికం అంత పాతది.

1980లలో రంగు పూత మీద రంగులేని క్లియర్ కోటు వేసే పద్ధతి విస్తరించింది. మెరుపంతా ఆ క్లియర్ కోటుదే, దాని మందం మాత్రం ఇంచుమించు 50 మైక్రాన్లు. రేకు మీది పూతలన్నీ కలిపినా సాధారణంగా 150 మైక్రాన్లకు మించవు. వేగం రెట్టింపైతే రాయి దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చిన్న మచ్చ పెట్టే రాయి 200 కిలోమీటర్ల దగ్గర ఆరింతలకు పైగా శక్తితో తగిలి పెయింటును పెచ్చులుగా లేపుతుంది. పైగా ట్రాక్ మీద ముందున్న కార్ల వేడి టైర్లు జిగటగా ఉండి గులకరాళ్లనూ, తమ నుంచే ఊడిన రబ్బరు ముక్కలనూ ఎత్తి వెనక్కి విసురుతాయి. మలుపుల పక్కన పరిచిన కంకరలోకి ఏ కారు జారినా ఆ కంకర కొంత తారు మీదకు వచ్చి చేరుతుంది. సొంత కారు ముందు చక్రాలు కూడా శత్రువులే. అవి విసిరిన రాళ్లు తలుపుల కిందిభాగానికీ, వెనుక ఫెండర్ల ముందంచుకూ తగులుతాయి. 1970ల పోర్షే 911 టర్బోకు ఉబ్బెత్తు వెనుక ఫెండర్ల మీద కనిపించే నల్లని పట్టీ సోకు కాదు, కంపెనీయే వేసిన రాతి రక్షణ.

ఆ రోజుల్లో అమెరికన్ యజమానులు కారు మూతికి తోలులా కనిపించే వినైల్ తొడుగు కట్టేవారు. రాళ్లను అది ఆపేది. కానీ తొడుగు కింద దుమ్మూ తేమా చేరి, గాలికి అది రెపరెపలాడినప్పుడల్లా పెయింటును రుద్దేసేది. కాపలాదారే దొంగ అయిన సందర్భం.

అసలు పరిష్కారానికి కావలసిన ముడిసరుకు అప్పటికే సిద్ధంగా ఉంది. 1937లో జర్మనీలోని లెవర్‌కూజెన్‌లో ఐజీ ఫార్బెన్ రసాయనవేత్త ఒట్టో బాయర్, ఆయన బృందం పాలియురెథేన్ తయారీ పద్ధతి కనుగొన్నారు. దీని అణుగొలుసుల్లో మెత్తని భాగాలూ గట్టి భాగాలూ ఒకదాని తరువాత ఒకటి ఉంటాయి. మెత్తనివి సాగి దెబ్బను మింగుతాయి, గట్టివి పొర తెగకుండా పట్టి ఉంచుతాయి.

1960లలో వియత్నాంలో అమెరికన్ హెలికాప్టర్లు దిగినప్పుడల్లా లేచే ఇసుకా మట్టీ వాటి రెక్కల అంచులను అరగదీసేవి. రెక్క కొస సెకనుకు 200 మీటర్లకు పైగా వేగంతో తిరుగుతుంది కాబట్టి ఇసుక రేణువు కూడా ఉలి దెబ్బే. ఆ అంచులకు అంటించడానికి త్రీఎం పాలియురెథేన్ టేపును తయారుచేసింది. తరువాత అది విమానాల ముక్కులకూ రెక్కల అంచులకూ పాకింది.

విమానాల నుంచి రేసు కార్లకు రావడానికి పెద్ద దూరం లేదు. 1980లలో రేస్ జట్లు కార్ల మూతికీ చక్రాల వెనుక భాగాలకూ ఈ టేపు వాడసాగాయి. రేసు గ్యారేజీల్లో నేటికీ దాని పేరు హెలికాప్టర్ టేపే. ఒక రేసుకు అంటించి పీకేసే వస్తువు కాబట్టి అందచందాలు ఎవరికీ పట్టలేదు.

రోడ్డు కార్ల మీదకు వచ్చాకే దాని లోపాలు బయటపడ్డాయి. తొలి ఫిల్మ్‌లు మందంగా, బిరుసుగా ఉండి వంపుల మీద కూర్చునేవి కావు. బెంజీన్ వలయాలున్న పాలియురెథేన్ అతినీలలోహిత కిరణాలకు రంగు మారుతుంది. తెల్ల కారు మీది పొర ఎండలో వదిలేసిన పాత బకెట్టులా పసుపెక్కేది. ఆ వలయాలు లేని ఆలిఫాటిక్ పాలియురెథేన్‌కు మారడంతో ఆ బాధ చాలావరకు తగ్గింది. కారు మీదే ఫిల్మ్ కోస్తే బ్లేడు గాటు పెయింటుకు పడే ప్రమాదం ఉండేది. 1997లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో మొదలైన ఎక్స్‌పెల్ అనే కంపెనీ, ఒక్కో మోడలుకు సరిపడే కొలతలతో ఫిల్మ్‌ను ముందే యంత్రంపై కోయించే సాఫ్ట్‌వేర్ అమ్ముతూ ఈ రంగంలోకి వచ్చింది, తరువాత ఫిల్మ్ అమ్మకానికి దిగింది. 2010లలో, వేడి తగిలితే చిన్న గీతలు వాటంతటవే పూడిపోయే పైపూత మామూలైంది. గీతలే పూడుతాయి, రాయి చీల్చిన చోటు పూడదు.

ఇదే కాలంలో సిరామిక్ కోటింగ్‌ల ప్రచారం జోరందుకుంది. పెన్సిలు గట్టిదనపు కొలతలోని 9హెచ్ అంకెను చూపి వాటిని రాతి కవచంగా అమ్మడం కొనేవాణ్ని మభ్యపెట్టడమే. కొద్ది మైక్రాన్ల మందమున్న పూత నీటినీ మురికినీ అంటనివ్వదు, రాయిని మాత్రం ఆపలేదు. ఇక్కడ కావలసింది గట్టిదనం కాదు, సాగే గుణం. గ్రాఫిక్స్ కోసం వేసే వినైల్ పొర కూడా సుమారు 100 మైక్రాన్లే, దానికి ఆ సాగుడు లేదు.

బరువు గురించి రేసర్లకుండే భయానికి కూడా పెద్దగా ఆధారం లేదు. చదరపు మీటరు ఫిల్మ్ ఇంచుమించు పావు కిలో తూగుతుంది. అసలు జాగ్రత్త తీసేటప్పుడు కావాలి. వేడి చేయకుండా లాగితే జిగురు మిగులుతుంది. కొత్తగా పెయింటు వేయించిన భాగమైతే క్లియర్ కోటే ఊడి రావచ్చు.

ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్‌కు వెళ్లేవారికి పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపే చాలు, ఎండకు జిగురు ముదిరేలోగా సాయంత్రమే పీకేయాలి. తరచూ వెళ్లే కారుకు ముందు బంపర్, బానెట్, సైడు అద్దాలు, తలుపుల కిందిభాగం, వెనుక ఫెండర్ల ముందంచు వరకు పీపీఎఫ్ వేయించాలి. రాయి తగలని పైకప్పుకూ డిక్కీ మూతకూ దాన్ని వేయించడం ట్రాక్ అవసరం కాదు, దండగ.